నా క్లాసు ఎవరు చెబుతారు?

కొన్నాళ్ల కిందట ఒక మధ్యాహ్నం అటెండర్ సర్క్యులర్ రిజిస్టర్ పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వచ్చాడు. మేనేజ్‌మెంట్, ఎకనామిక్స్ అధ్యాపకులకు ఏడాది పాటు పరిశోధన ఫెలోషిప్ ఇస్తారట. ఆసక్తి ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేనివాళ్లు చూసినట్టు సంతకం పెడితే చాలు. పక్క సీట్లో కూర్చునే కుర్రాడు, ఒకప్పుడు నా దగ్గరే ఎంబీఏ చదివినవాడు, నా భుజం మీదుగా తొంగిచూసి "ఎంతిస్తారు సార్?" అన్నాడు. అంకె చూపించాను. ఫర్వాలేదన్నట్టు తలాడించాడు.

నేను వెతుకుతున్నది వేరే. ఆ ఏడాది నా క్లాసులు ఎవరు చెబుతారు? రెండు పేజీలూ రెండుసార్లు చదివాను. పరికరాలకు ఇంత, ప్రయాణాలకు ఇంత, పుస్తకాలకు ఇంత, కంటింజెన్సీకి ఇంత అని పద్దులు వేశారు. నా బదులు బోర్డు ముందు నిలబడే మనిషికి మాత్రం పద్దు లేదు.

నా గొడవంతా ఆ లేని పద్దు గురించే. మా సబ్జెక్టుల్లో ఫెలోషిప్ డబ్బు టీచరు చేతికి ఇవ్వాల్సిన పనే లేదంటాను. టీచరు బదులు పాఠం చెప్పేవాళ్లకు ఇస్తే చాలు. కెమిస్ట్రీ వాళ్లకు యంత్రాలు కావాలి, రసాయనాలు కావాలి, వాళ్ల లెక్క వేరు. మా ల్యాబ్ అంటే బజారు, మార్కెట్ యార్డు, బ్యాంకు కౌంటరు, ఫ్యాక్టరీ గేటు. లోపలికి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు. కాకపోతే అవి మా టైంటేబుల్ చూసుకుని తెరుచుకోవు.

2004లో నేనొక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. అప్పట్లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) వాళ్ల ఫ్యాకల్టీ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రాం ఉండేది. అంత పొడుగు పేరు ఎవరూ పలికేవాళ్లు కాదు. "ఫలానాయన ఎఫ్‌ఐపీలో వెళ్లాడు" అనేవాళ్లు, ఊరెళ్లాడన్నంత మామూలుగా. పీహెచ్‌డీ చేయడానికి కాలేజీ టీచరుని రెండు మూడేళ్లు క్లాసుల నుంచి వదిలేసేవాళ్లు. అతని జీతం అతనికి వచ్చేది. అతని స్థానంలో పెట్టుకున్న సబ్‌స్టిట్యూట్ జీతం యూజీసీ భరించేది. ఈ ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో తెలియదు గానీ, కాలేజీ ఎలా నడుస్తుందో తెలిసిన మనిషే అయ్యుండాలి. ప్రిన్సిపాల్ వద్దనడానికి ఉన్న ఒకే ఒక్క గట్టి కారణాన్ని ముందే తీసి పక్కన పెట్టేశారు.

నా అంశం గుంటూరు మిర్చి యార్డు. కమీషన్ వ్యాపారి రైతుకిచ్చే అప్పు, దాని చుట్టూ నడిచే బేరం. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్ అని పేరున్న చోటు మా కాలేజీకి బస్సు దూరంలోనే ఉన్నా, అప్పటిదాకా సీజన్లో లోపలికి వెళ్లి ఎరగను. వెళ్లే వీలు లేదు. సరుకు ముమ్మరంగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. మాకు సిలబస్ హడావిడి, పరీక్షలు, ఇన్విజిలేషన్, ఆ వెనకే స్పాట్ వాల్యుయేషన్ వచ్చేదీ సరిగ్గా అప్పుడే. అన్నీ ముగిసి మే నెలలో మాకు సెలవులిచ్చేసరికి, ఎండలు భరించలేక యార్డుకీ సెలవులిచ్చేస్తారు. నాకు ఖాళీ దొరికిన రోజున అక్కడ ఖాళీ షెడ్లు, కారం వాసన తప్ప ఏమీ ఉండవు. ఎన్ని లక్షలు గ్రాంటు ఇస్తే ఈ చిక్కు తీరుతుంది?

ఎఫ్‌ఐపీ వల్ల మొదటి సీజన్లో తెల్లవారుజామునే యార్డుకి వెళ్లగలిగాను. చేతిలో 42 ప్రశ్నల ఫారం. టిక్కీల మీద, అంటే మిర్చి బస్తాల మీద, కూర్చున్న రైతుల్ని ఒక్కొక్కర్నే పలకరించి రాసుకునేవాణ్ణి. వడ్డీ ఎంత అంటే అందరిదీ ఒకే మాట, నూటికి రెండు రూపాయలు. అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు వడ్డీతో పోల్చి, ఇంత తేడా ఉన్నా రైతు వ్యాపారి దగ్గరికే ఎందుకు వెళ్తున్నాడో నాలుగు కారణాలు చెప్పి, రెండు పట్టికలు వేసి ఒక అధ్యాయం రాసిచ్చాను. గైడు గారు చదివి బాగుందన్నారు. నేనూ బాగుందనే అనుకున్నాను.

రెండో సీజన్లో, పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక రైతు, పోయినేడాది నా ఫారానికి జవాబు చెప్పినవాడే, టీ కొట్టు దగ్గర నన్ను గుర్తుపట్టాడు. మళ్లీ అదే అడుగుతారా అన్నాడు. అవునన్నాను. "వడ్డీ ఎంతని అడుగుతారేంది సారూ. రాత్రి పన్నెండింటికి తలుపు కొడితే లేచి డబ్బులిస్తాడా లేడా, అది అడగండి" అన్నాడు.

అడగడం మొదలుపెట్టాక కథంతా మారిపోయింది. అర్ధరాత్రి ఆసుపత్రికి, జూన్‌లో కాలేజీ ఫీజుకి, కూతురి పెళ్లికి లేచి ఇచ్చేవాడు కాబట్టే రైతు సరుకు ఆ దుకాణానికే తెస్తాడు. పక్క దుకాణంలో క్వింటాలుకి నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని తెలిసినా తెస్తాడు. వేలం పాటలో ధర కాస్త తగ్గినా నోరెత్తడు. తూకంలో తరుగు తీస్తే చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. డబ్బు అదే రోజు కావాలంటే కొంత కోసుకుని ఇస్తారు, దానికీ ఒప్పుకుంటాడు. వడ్డీ నిజంగానే రెండు రూపాయలు. మిగతాదంతా వడ్డీ అనే పేరు లేకుండా చేతులు మారుతుంది. నా 42 ప్రశ్నల్లో దానికి గడి లేదు. ఆ అధ్యాయం చించేసి మళ్లీ రాశాను. మొదటి ఫారం నింపిన రోజు నుంచి ఆ సంగతి తలకెక్కే నాటికి 14 నెలలు పట్టింది. తెలివైనవాడికి ఆరు నెలలు సరిపోయేవేమో. ఆదివారాల్లో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు.

ఇంకో ముచ్చట చెప్పకపోతే అన్యాయం. నా స్థానంలో మైక్రో ఎకనామిక్స్ చెప్పిన అమ్మాయి అప్పుడే ఎంఏ ముగించి వచ్చింది. నేను తిరిగొచ్చి డిమాండ్ సూత్రం మొదలుపెట్టగానే వెనక బెంచీ నుంచి "మేడమ్ చెప్పినట్టు చెప్పండి సార్" అని వినబడింది. ఆ రెండేళ్ల అనుభవం చూపించుకుని ఆవిడ తర్వాత వేరే ఊళ్లో లెక్చరర్ అయింది. ఒక ఫెలోషిప్ డబ్బుతో ఇద్దరు బాగుపడ్డారు.

మేనేజ్‌మెంట్, ఎకనామిక్స్ రెండూ చెప్పే చోట వినిపించే పేరు బ్రిటిష్ ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్. ఆయన చదివింది బీకాం, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో. 1931-32లో ఒక ట్రావెలింగ్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లాడు. అప్పటికి ఇరవై దాటి ఏడాది కూడా కాలేదు. ఫ్యాక్టరీలు, కంపెనీ ఆఫీసులు తిరుగుతూ, పాఠ్యపుస్తకం చెప్పినట్టు బజారే అన్నిటినీ సర్దేస్తుంటే ఇన్ని కంపెనీలు ఎందుకున్నాయి, మీరు కొనేదేమిటి, సొంతంగా చేసుకునేదేమిటి, ఎందుకు అని కనుక్కుంటూ పోయాడు. 1932లో స్కాట్లండ్‌లోని డండీలో పాఠాలు చెప్పడానికి చేరినప్పుడు ఆ ఆలోచన క్లాసులో చెప్పాడు. అచ్చులోకి వచ్చింది 1937లో, నోబెల్ వచ్చింది 1991లో. ఆ స్కాలర్‌షిప్ ఇచ్చినవాళ్లు ఏడాది చివర్లో "ఎన్ని పేపర్లు వేశావు?" అని అడిగి ఉంటే సున్నా అని రాసుకునేవాళ్లు. యార్డులో ఆ రైతు నాకు చెప్పిందీ కోస్ ప్రశ్నకి దగ్గరి చుట్టమే. ధర ఒక్కటే చూస్తే, మనుషులు ఒకరినొకరు పట్టుకుని ఎందుకుంటారో అర్థం కాదు.

ఎఫ్‌ఐపీ నడిచిన పన్నెండో పంచవర్ష ప్రణాళిక 2017లో ముగిసింది. ఎఫ్‌ఐపీ అన్న మాట ఆ తర్వాత మా స్టాఫ్‌రూమ్‌లో నాకు వినబడలేదు. అప్పటికి నేను వేరే సంస్థలో ఎంబీఏ పిల్లలకు మేనేజీరియల్ ఎకనామిక్స్ చెబుతున్నాను. కొన్నాళ్లకి ఒక సంస్థ నుంచి ప్రాజెక్టు గ్రాంటు వచ్చింది. ఈసారి డబ్బుంది, టైము లేదు. వారానికి 14 గంటల క్లాసులు, పైన కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ కోసం ఫైళ్లు, ఇంటర్నల్ మార్కులు, వేసవిలో అడ్మిషన్ల పని. యార్డుకి నేను వెళ్లలేక, గ్రాంటులో పద్దు ఉంది కదా అని ఒక ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌ని పెట్టుకున్నాను. నెల తిరక్కుండానే నింపిన ఫారాల కట్ట తెచ్చిచ్చాడు. ఇంటికి తీసుకెళ్లి డేటా ఎక్కిస్తుంటే అరవయ్యో ఫారం దగ్గర చెయ్యి ఆగింది. అన్నిటిలోనూ ఒకే పెన్ను, ఒకే ఊపు, రైతుల వయసులన్నీ అయిదుతోనో సున్నాతోనో ముగుస్తున్నాయి. వడ్డీ గడిలో అన్నింటా రెండు రూపాయలే. పిలిచి అడిగితే ఏడ్చినంత పని చేశాడు. అతనికి ఫారానికి ఇంత అని ఇస్తున్నది నేనే, యార్డు మొహం చూడకుండా కూర్చున్నదీ నేనే. ఏమని తిడతాను? ఆ కట్ట పక్కన పడేశాను. మిగిలిన డబ్బులో కొంత మార్చి 31 లోపు రెండు సెమినార్లకు, ఒక కలర్ ప్రింటర్‌కి ఖర్చయింది, మిగతాది వెనక్కి కట్టాను. గ్రాంటు ఖర్చుల లెక్క చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ మాత్రం పైసాతో సహా సరిపోయింది. ఆ ప్రింటర్ ఇప్పటికీ పనిచేస్తోంది.

మా రెండు శాఖల మధ్య ఒక పాత దెప్పిపొడుపు ఉంది. మేనేజ్‌మెంట్ వాళ్ల పరిశోధన అంటే లైకర్ట్ స్కేలు మీద, ఎంత ఒప్పుకుంటారో చెప్పమని, ఒకటి నుంచి అయిదు దాకా టిక్కులు పెట్టించడం, అదీ తమ క్లాసు పిల్లల చేత, అని ఎకనామిక్స్ వాళ్లు నవ్వుతారు. పల్లె మొహం చూడకుండా సర్కారు సర్వే డేటా దించుకుని కంప్యూటర్లో రిగ్రెషన్ లెక్కలు వేయడమే మీ ఎకనామిక్స్ అని వాళ్లు తిరగేస్తారు. రెండు పక్షాల ఉప్పూ తిన్నాను కాబట్టి చెబుతున్నా, ఇద్దరన్నదీ నిజమే. కానీ ఇది బద్ధకం కాదు. క్లాసుకీ క్లాసుకీ మధ్య 50 నిమిషాల్లో కుర్చీలోంచి లేవకుండా చేయగలిగిన పరిశోధన అదొక్కటే, అందుకే అదే చేస్తాం. పాపం లైకర్ట్ తన పద్ధతిని ప్రచురించింది కూడా 1932లోనే, కోస్ డండీలో పాఠాలు మొదలుపెట్టిన ఏడాదే. ఫ్యాక్టరీకి వెళ్లి అడగడం, కాగితం పంచి టిక్కు పెట్టించడం, రెండు దారులూ ఒకేసారి తెరుచుకున్నాయి. మనకు రెండోదానికే సెలవు అక్కర్లేదు.

మన గడప ముందున్న ప్రశ్నలకు బయటివాళ్లు వచ్చి జవాబులు వెతికారన్న బాధ మా వాళ్లలో ఉంది. హైదరాబాద్ బస్తీల్లో మైక్రోఫైనాన్స్ మీద అమెరికాలోని ఎంఐటీ ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్ల సహచరులు చేసిన అధ్యయనాన్నే తీసుకోండి. 104 బస్తీలు తీసుకుని, సగం చోట్ల ముందుగా అప్పుల శాఖ తెరిపించి, మిగతా సగంతో పోల్చి చూశారు. పని 2005లో మొదలైంది, జర్నల్లో అచ్చయింది 2015లో. అప్పులు అందుబాటులోకి వచ్చినా కుటుంబాల మొత్తం ఖర్చులో చెప్పుకోదగ్గ మార్పు లేదని తేలింది. ఈ మధ్యలో 2010 అక్టోబర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ అప్పుల కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది, మైక్రోఫైనాన్స్ వ్యాపారమే ఇక్కడ కుప్పకూలింది. ఆ పదేళ్లలో ఆ బస్తీల పక్కనే ఎన్ని ఎంబీఏ కాలేజీలు నడిచాయో లెక్కపెట్టుకోండి. బెనర్జీ బృందానికి డబ్బుంది, పేరుంది, నిజమే. పదేళ్లు ఒకే ప్రశ్నని పట్టుకుని కూర్చునే వెసులుబాటు కూడా ఉంది. మన గ్రాంటుకి ఏడాది కాగానే తుది నివేదిక అడుగుతారు, అందులో మొదటి మూడు నెలలు డబ్బు ఖాతాలో పడటానికే పోతాయి.

అచ్చయిన వ్యాసాల లెక్క సంగతి అందరికీ తెలిసిందే, ఎక్కువ చెప్పను. 2010లో ప్రమోషన్లకు లెక్కపెట్టే ఏపీఐ మార్కులొచ్చాయి, వాటి వెనకే డబ్బు కడితే వారంలో వేసే జర్నళ్లొచ్చాయి. 2018 మేలో యూజీసీ తన జాబితాలోంచి 4,305 జర్నళ్లను ఒక్కసారే కొట్టేసింది. 2019లో కేర్ అని ఆమోదించిన జర్నళ్ల కొత్త జాబితా పెట్టింది, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసింది. జల్లెడలు మారుస్తూ పోయారు. పోసే పిండి ఎక్కడ ఆడుతున్నారో ఎవరూ చూడలేదు.

నా వాదనకు ఎదురు చెప్పేవాళ్లున్నారు, వాళ్ల మాటలో బలముంది. ఎఫ్‌ఐపీలో వెళ్లి పీహెచ్‌డీ తెచ్చుకున్నవాళ్లున్నట్టే, డాబా మీద ఇంకో అంతస్తు వేసుకున్నవాళ్లూ ఉన్నారు. మా కాలేజీలోనే ఒకాయన రెండేళ్లూ సిమెంటు బస్తాలు లెక్కపెట్టి, మూడో ఏడు, పీహెచ్‌డీ పూర్తి చేస్తానని రాసిచ్చిన బాండు భయంతో రాత్రింబగళ్లు కూర్చుని థీసిస్ పూర్తి చేశాడు. ఆ థీసిస్ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అయినా ఆ రెండేళ్లూ ఆయన క్లాసు పిల్లలకు పాఠాలు ఆగలేదు, ఎవరో చెప్పారు. డబ్బు రూపంలో ఇచ్చిన ఫెలోషిప్ వృథా అయితే ఏం మిగులుతుంది? నా ప్రింటర్ మిగిలింది.

ఇక ఖర్చు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు నేరుగా పాఠం చెప్పాలి, ఏడాదికి 30 వారాలు. మొత్తం 480 గంటలు. 2019లో యూజీసీ గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చరుకి 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా అని రేటు పెంచింది. చాలా కాలేజీల్లో అందులో సగం కూడా చేతికి రాదు, అది వేరే ఏడుపు. నెలకు ఆ 50,000 పూర్తిగా కట్టి, పది నెలలు ఇచ్చామనుకున్నా 5 లక్షలు. ఒక మనిషిని ఏడాది పాటు క్లాసుల నుంచి పూర్తిగా విడిపించే ఖరీదు ఇదీ. సగం క్లాసులే, అంటే 240 గంటలే తప్పిస్తే, లెక్చరుకి 1,500 చొప్పున 3.6 లక్షలు. అమెరికాలో బిజినెస్ స్కూల్లో పనిచేసే మా పాత విద్యార్థి చెప్పేది విన్నాక నాకు ఇంకా స్పష్టమైంది. అక్కడ చాలామందికి కాంట్రాక్టు తొమ్మిది నెలలకే. వేసవి పరిశోధనకిచ్చే సొమ్ము అందులో తొమ్మిదింట రెండు వంతుల దాకా ఉంటుంది, అంటే రెండు నెలల జీతం. కోర్సు తగ్గించుకోవాలంటే గ్రాంటులోంచి దానికి వెల కట్టి కాలేజీకి చెల్లిస్తారు. టీచరు టైముకి ధర ఉంటుందని ఒప్పుకున్నారు. ఎకనామిక్స్ చెప్పే మనమే ఒప్పుకోలేదు.

మనకూ సబాటికల్, అంటే చదువుకీ పరిశోధనకీ ఇచ్చే సెలవు, ఉంది కదా అంటారు. ఉంది. అసోసియేట్ ప్రొఫెసర్‌గానో ప్రొఫెసర్‌గానో ఏడేళ్లు పూర్తయితే ఒకసారికి ఏడాది, సర్వీసు మొత్తంలో రెండేళ్లు తీసుకోవచ్చు. ఖాళీ పోస్టులు నింపని శాఖలో ఆ సెలవు అడిగితే నా 14 గంటలు మిగిలిన ముగ్గురి నెత్తిన పడతాయి. వాళ్ల మొహాలు రోజూ చూడాలి. అందుకే అడగను.

నా దగ్గర జవాబు లేని చోటు ఒకటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంబీఏ చెప్పేవాళ్లలో చాలామంది ప్రైవేటు కాలేజీల్లో ఉన్నారు. అధ్యాపకులను యూనివర్సిటీ ఆమోదించే ర్యాటిఫికేషన్ కోసం పేరుండాలి, క్లాసులు నడవాలి, వేసవిలో ఊళ్లు తిరిగి సీట్లు నింపాలి. ఏడాది పాటు కనిపించకపోతే వాళ్ల కుర్చీ ఉంటుందన్న నమ్మకం లేదు. సబ్‌స్టిట్యూట్ జీతం ఫెలోషిప్ ఇచ్చేవాళ్లే కడతామన్నా యాజమాన్యం మొదట అడిగేది "మరి అడ్మిషన్లు ఎవరు చూస్తారు?" అనే. దీనికి ఫెలోషిప్ మందు కాదు.

మా పక్క సీటు కుర్రాడు మాత్రం ఆ ఫెలోషిప్‌కి దరఖాస్తు పెట్టాడు. విజయవాడలో ఫుడ్ డెలివరీ కుర్రాళ్లు రోజు సంపాదనలో పెట్రోలుకి, బండి వాయిదాకి పోను ఏం మిగుల్చుకుంటున్నారో చూస్తాడట. మంచి ప్రశ్న. రెండొందల మందికి గూగుల్ ఫారం పంపుతానన్నాడు. వద్దన్నాను, ఆరుగురితో మూడు నెలలు తిరుగు, మధ్యాహ్నం రెండింటి దాకా, మళ్లీ రాత్రి ఏడు నుంచి, అన్నాను. "మరి నా మంగళవారం, గురువారం క్లాసులు సార్?" అన్నాడు.

దరఖాస్తులో సబ్‌స్టిట్యూట్ అని 'ఇతరములు' కింద రాయించాను. ఆ పద్దు అనుమతించబడదని ఎర్ర ఇంకుతో కొట్టేసి, మిగతాది మంజూరు చేశారు. వచ్చే సెమిస్టర్ టైంటేబుల్ నిన్న నోటీసుబోర్డులో పెట్టారు. నా పేరు పక్కన 20 గంటలున్నాయి. అందులో ఆరు బిజినెస్ అనలిటిక్స్. అది నాకు రాదు, నిన్న రాత్రే మొదటి యూనిట్ చదవడం మొదలుపెట్టాను.